బెల్ట్ గ్యారంటీ

ఈ సాయంత్రం మా అమ్మాయిని తీసుకుని మిర్యాలగూడలో ఒక కరాటే క్లాసుకు వెళ్ళాను. బోర్డు మీద కరాటే, కుంగ్‌ఫూ, జూడో అన్నీ ఉన్నాయి, మాస్టారు మాత్రం ఒక్కరే. కొత్తవాళ్ళకు ఏది మంచిదని అడిగాను.

"ఏదైనా ఒకటే మేడమ్. డ్రెస్ మారుతది, గంతే."

"మొన్న దామరచర్ల బస్సుల ఒకడు పిల్ల చెయ్యి పట్టుకున్నడు సార్. విడిపించుకునుడు దేంట్ల నేర్పుతరు?"

"గవన్నీ తర్వాత సూద్దాం. మూడు నెలలల్ల బెల్ట్ గ్యారంటీ. పాప ఫోటో ఇయ్యున్రి, బస్టాండ్ కాడ ఫ్లెక్సీ కట్టిస్తం."

ఒళ్ళు మండిపోయింది. బస్సులో చెయ్యి పట్టుకున్న ఆ వెధవకు మా పిల్ల పేరు కూడా ఫ్లెక్సీ కట్టి మేమే చెప్పాలన్నమాట!

చెయ్యి విడిపించుకోవడం నేర్పేవాళ్ళు మీకెవరైనా తెలిస్తే చెప్పండి. బెల్ట్ అక్కర్లేదు. రేపు పొద్దున మా పాప మళ్ళీ అదే బస్సెక్కాలి.