ఏడింటి తూకం

మూడో అంతస్తులో గుండె వార్డు చూసే సీనియర్ నర్సుకి రోగులు తూకం సిస్టరు అని పేరు పెట్టారు. ముద్దుకి పెట్టిన పేరు కాదది. పొద్దున్నే టీ చుక్క గొంతులో పడకముందే, బాత్రూము నుంచి వచ్చినవాళ్ళని వచ్చినట్టే పట్టుకుని, చెప్పులు విప్పించి, శాలువా తీయించి, తూకం మిషను ఎక్కించేది. గోడ మీద చెయ్యి ఆనిస్తే ఆ చెయ్యి లాగేసేది. నిన్నటికన్నా అంకె పెరిగిందంటే ఆ రోగి పని అయిపోయినట్టే. ఎన్ని గ్లాసులు తాగాడో, ఎవరు దొంగచాటుగా ఉప్పు తెచ్చి పెట్టారో కక్కించేదాకా వదిలేది కాదు. గుండె నీరసించిన మనిషి ఒంట్లో నీరు చేరితే అది కళ్ళకి కనబడేసరికే ఆలస్యమైపోతుందనీ, తూకం మాత్రం ముందే చెబుతుందనీ ఆమె ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని నెమ్మదిగా చెప్పడం మాత్రం నేర్చుకోలేదు.

అలాంటి మనిషి వార్డులోకి ఒక మంగళవారం పూట, చక్రాల కుర్చీలో, ఆయాసంతో రొప్పుతూ, ఆమె తోడికోడలు వచ్చింది.

ఇద్దరికీ మాటల్లేక పద్నాలుగేళ్ళు. ఉమ్మడి కాపురం రోజుల్లో ఇంటి తాళాలన్నీ పెద్దకోడలి గుప్పిట్లో ఉండేవి. చిన్నకోడలు డ్యూటీ దిగి ఆకలితో ఇల్లు చేరితే వంటింటి అలమారకి తాళం వేలాడుతుండేది. తాళంచెవి ఎక్కడుందంటే గుర్తులేదనేది. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, మలం పళ్ళేలు ఎత్తిన చేత్తో వడ్డించొద్దని మొహం మీదే అనేది. ఒకరోజు దుప్పట్లు ఉతకబోయి చిన్నకోడలు పెద్దావిడ దిండు గలీబు విప్పితే తాళాల గుత్తి కిందపడింది. దాంతోపాటు ఒక ఉత్తరం. పై చదువుకి సీటొచ్చిందనీ, ఫలానా తేదీలోగా చేరమనీ చిన్నకోడలికి వచ్చిన పిలుపది. ఆ తేదీ దాటి అప్పటికి తొమ్మిది రోజులు. చేరి ఉంటే ఈపాటికి నర్సులకి పాఠాలు చెప్పే పంతులమ్మ అయ్యుండేది. ఆ సాయంత్రమే మొగుణ్ణీ రెండు పెట్టెల్నీ వెంటబెట్టుకుని గడప దాటింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కుర్చీలోంచి తలెత్తి తోడికోడల్ని చూడగానే పెద్దావిడ మొహం మాడిపోయింది. ఊపిరి అందకపోయినా నోరు మాత్రం లేచింది. వేరే నర్సుని పిలవమంది, లేకపోతే వేరే ఆసుపత్రికి పోతానంది. సిస్టరు కూడా తనకి ఆ మంచం వద్దని హెడ్ నర్సుకి మొరపెట్టుకుంది. ఉన్న నలుగుర్లో ఇద్దరు సెలవులో ఉన్నారనీ, చుట్టరికాలు గేటు బయట పెట్టి రావాలనీ ఆవిడ కసిరింది. అలా ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడక తప్పింది కాదు.

నాలుగు రోజులు పాము, ముంగిసల కాపురమే. సిస్టరు రక్తపోటు చూస్తే పెద్దావిడ కావాలనే పట్టీ బిగించిందనేది. నీళ్ళు కొలిచి పోస్తే దాహంతో చంపుతోందని వార్డంతా వినబడేలా గోల పెట్టేది. సిస్టరూ తక్కువ తినలేదు. చెయ్యాల్సిన పని ఒక్కటీ మానలేదు గానీ, ఒక్క మాటైనా మెత్తగా అనలేదు. సూది గుచ్చేటప్పుడు నొప్పెడుతుందని ముందుగా చెప్పే అలవాటుందామెకి. ఈ ఒక్క మనిషికి మాత్రం చెప్పేది కాదు. అది తనకే తెలుస్తుండేది, అయినా చెప్పేది కాదు.

అయిదో రోజున కుర్ర డాక్టరు వచ్చి చీటీ చూసి సంబరపడ్డాడు. వచ్చిన రోజు డెబ్బై నాలుగు కిలోలు, ఇవాళ డెబ్బై ఒకటి. పాదాల వాపు తీసింది. ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారని అడిగితే పెద్దావిడ ఠక్కున ఒక్కటే అంది. చూస్తే మంచం మీద ఉన్నదీ ఒక్క దిండే. గుండె జబ్బులో ఇది పెద్ద లెక్క. ఊపిరితిత్తుల్లో నీరుంటే వెల్లకిలా పడుకోలేరు, తల కింద దిండ్లు పెరుగుతూ పోతాయి. ఒక్క దిండుతో నిద్రపోయే మనిషి ఇంటికి పోవచ్చు. డాక్టరు సంతకానికి కలం తీశాడు. పెద్దావిడ మొగుడు, సిస్టరుకి బావగారు, అప్పటికే సంచీ సర్దుతున్నాడు. ఆవిడ తొందరంతా ఇంట్లో తాళాల గుత్తి గురించేనని సిస్టరుకి తెలుసు. ఆ గుత్తి అయిదు రోజులుగా ఆవిడ కోడలి చేతిలో ఉంది మరి.

వచ్చిన రోజు తూకం కుర్చీలో కూర్చోబెట్టి తూచే మిషను మీద, చెప్పులూ స్వెట్టరూ శాలువాతో సహా వేసినదనీ, ఆ మూడు కిలోల్లో సగం బట్టలేననీ సిస్టరు చెప్పింది. డాక్టరు విసుక్కున్నాడు. అయిదు రోజులుగా మంచాన పడుకున్న మనిషి నీరు పాదాల్లో ఎందుకుంటుంది, నడుం కిందకి దిగుతుంది గానీ, అక్కడ నొక్కి చూడమంది. నడుం ముట్టుకోనివ్వనని పెద్దావిడ ఒంటికాలి మీద లేచింది. ఇంతసేపూ నోరు మెదపని బావగారు అప్పుడు కల్పించుకున్నాడు.

"కక్ష ఉంటే ఇంకోచోట తీర్చుకో అమ్మా. ఆసుపత్రిలో కాదు."

వార్డు వార్డంతా ఆమె వంక చూసింది. పక్క మంచం ముసలాయన ఛీ అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పోనీ, పోతే పోనీ, నాకేం పట్టింది అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆ మనిషి వెళ్ళిపోతే రేపట్నుంచి హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. చెప్పాల్సింది అందరి ముందూ చెప్పింది కాబట్టి రేపేం జరిగినా తన మీదకి మాట రాదు. వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది కూడా.

అక్కడే ఆగిపోయింది. ఆ మంచం మీదున్నది ఒక్క దిండే, నిజమే. కానీ ఆ మనిషి దిండులో దూది ఒక్కటే ఉన్న రోజు తన కాపురం మొత్తంలో లేదు.

చరచరా వెనక్కొచ్చి దిండు లాగి గలీబు మూతి విప్పి మంచం మీద బోర్లించింది. దిండు వెంట మడతపెట్టిన దుప్పటి ఒకటి, బావగారి స్వెట్టరు, రెండు తువ్వాళ్ళు, చుట్టచుట్టిన శాలువా జారిపడ్డాయి. అన్నీ కలిపి పేర్చి చూస్తే మూడు దిండ్ల ఎత్తు. పెద్దావిడ గోడ వైపు తిరిగింది. డాక్టరు కలం జేబులో పెట్టుకుని, ఈసారి అడక్కుండానే నడుం కింద వేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది.

నీరు దించే మందు రెట్టింపు చేశారు. ఇంకో ఆరు రోజులు పట్టింది. వెళ్ళే రోజున వార్డు మిషను మీద, చెప్పుల్లేకుండా, గోడ పట్టుకోకుండా అరవై ఎనిమిదిన్నర. సిస్టరు ఆ అంకె కాగితం మీద రాసి బావగారి చేతికిచ్చింది. రోజూ ఏడింటికి తూకం చూడాలనీ, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వార్డుకి ఫోన్ చెయ్యాలనీ గోడకి చెప్పినట్టు చెప్పింది. పెద్దావిడ గుమ్మం దాటుతూ, ఈ మహాతల్లి మూలాన ఆరు రోజులు ఊరికే జైల్లో ఉన్నాననీ, చచ్చినా దీని మొహం చూడననీ నలుగురూ వినేలా అనేసి పోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి సిస్టరు ఇంట్లో ఫోన్ మోగింది.

"అరవై ఎనిమిదిన్నర," అని ఒక గొంతు అంది. వెంటనే పెట్టేసింది.

ఆ మర్నాడు అరవై ఎనిమిది పాయింటు ఏడు. ఆ తర్వాత అరవై ఎనిమిది పాయింటు మూడు. బాగున్నావా లేదు, ఉంటాను లేదు. సిస్టరు కూడా హలో అన్న పాపాన పోలేదు. అంకె వినడం, క్యాలెండరులో ఆ తారీకు గడిలో రాసుకోవడం, అంతే. ఇదేం పలకరింపని మొగుడు ఎగతాళి చేస్తే ఉరిమి చూసింది. కానీ ఏడు కావస్తోందంటే స్నానానికి కూడా వెళ్ళేది కాదు. అలా ఏడు వారాలు గడిచాయి.

ఎనిమిదో వారం ఒకరోజు అరవై ఎనిమిదిన్నర అని వినబడింది. మర్నాడూ అదే. మూడో రోజూ అదే. రాస్తూ రాస్తూ కలం ఒక్క క్షణం ఆపింది గానీ డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయింది. నాలుగో రోజు కూడా అరవై ఎనిమిదిన్నర అనేసరికి క్యాలెండరు ముందు నిలబడిపోయింది. మనిషి ఒళ్ళు నాలుగు రోజులు ఒకే అంకె మీద ఉండదు. ఇరవై ఆరేళ్ళలో ఎవరికీ ఉండలేదు.

ఆలస్యమవుతుందని వార్డుకి కబురు పెట్టి తిన్నగా ఆ ఇంటికి వెళ్ళింది. పద్నాలుగేళ్ళుగా తొక్కని గడప దగ్గర చెప్పులు విప్పడానికి కూడా ఆగలేదు. తలుపు తీసిన కోడలి చేతిలో తాళాల గుత్తి ఉంది. అత్తయ్య నాలుగు రోజులుగా గదిలోంచి రావడం లేదనీ, మామయ్యతో సహా ఎవరినీ రానివ్వడం లేదనీ ఆ పిల్ల బెదురుగా చెప్పింది.

పెద్దావిడ కుర్చీ అంచున, మోకాళ్ళ మీద చేతులాన్చి, ముందుకి వంగి కూర్చుంది. పాదాలు ఉబ్బి వేళ్ళ సందులు కూడా కనబడటం లేదు. సిస్టరు తూకం మిషను మంచం కిందనుంచి లాగి చంకలో చెయ్యి వేసి ఎక్కించింది. డెబ్బై రెండు.

"నాలుగు రోజులుగా అబద్ధం చెబుతావా? ఫోన్ చేసినదానివి, ఒంట్లో బాలేదని ఒక్క ముక్క చెబితే నోరు పడిపోతుందా అక్కా?"

పెద్దావిడ తలెత్తింది. కళ్ళల్లో పాత పొగరు ఇంకా చావలేదు. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ అంది.

"నీకు... చెబుతానా? అబద్ధమని తెలిస్తే... నువ్వే వస్తావనుకున్నా. తెలియడానికి... నాలుగు రోజులు పట్టిందా నీకు?"

సిస్టరు బండి పిలవమని కోడల్ని తరిమింది. పెద్దావిడ చెప్పులు ఆ వాచిన పాదాలకి పట్టలేదు. తన చెప్పులు కాస్త వదులు. అవి విడిచి, వంగి, ఆవిడ కాళ్ళకి తొడిగింది. ఆ రోజు తూకం సిస్టరు వార్డుకి ఉత్త కాళ్ళతో వచ్చింది.