అమ్మ జరిపిన బల్ల

బాపట్లలో నేను పాఠం చెప్పే కాలేజీకి నిన్న కొత్త బల్లలు వచ్చాయి. ఆ వార్నిష్ వాసన తగలగానే తెనాలిలో మా ముందుగది గుర్తొచ్చింది.

నేను పదో తరగతి పాసైన వేసవి అది. రేపల్లె నుంచి పెదనాన్న వచ్చి, టీవీలో క్రికెట్ చూస్తూ నాన్నతో అన్నాడు. "ఆడపిల్లకి పది చాల్లేరా. ఇంటర్ చదివి ఏం చెయ్యాలంట?"

"చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు నాన్న. ఆయన చూద్దామన్నవేవీ తర్వాత చూసినట్టు నాకు గుర్తులేదు.

బావగారితో అమ్మ నేరుగా మాట్లాడదు. ఆ రోజూ మాట్లాడలేదు. వంటింట్లోంచి వచ్చి, ఆట నడుస్తుండగానే టీవీని ఎత్తి నేలమీద పెట్టింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బల్లని తుడిచి, కిటికీ దగ్గరికి లాగింది.

పెద్ద టీవీ వస్తోందనుకున్నాను. పరుగెత్తుకెళ్లి పక్కింటి పిన్నిగారికి చెప్పేశాను కూడా. తిరిగొచ్చేసరికి బల్లమీద ఎవరివో పాత ఇంటర్ పుస్తకాలున్నాయి.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు పెదనాన్న.

అమ్మ నావైపు తిరిగింది. "ఇక నుంచి టీవీకి ఈ బల్ల ఖాళీ లేదని మీ పెదనాన్నకి చెప్పవే."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ దగ్గరికి తీసుకుని కళ్లు తుడిచింది.

తర్వాత రెండేళ్లూ నాన్న నేలమీద బోర్లా పడుకునే క్రికెట్ చూశాడు. టీవీని పైకెత్తమని మాత్రం అడగలేదు.

చదువు ఆగనందుకు సంతోషం పట్టలేక ఏడ్చానని అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. పెద్ద టీవీ సంగతి ఎత్తకుండా నేను ఔనంటాను.