చేపలు తినే పాము

తమ్ముడు పామును పెంచుకుంటానన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. బర్మాలో కుర్రాళ్ళను బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోతున్న రోజులవి. వాడికి ఇరవై రెండేళ్ళు. తామ్వే పేటలో మా మూడో అంతస్తు ఇల్లు దాటి వీధి మొహం చూసి నెలలైంది. కిటికీ తెర కూడా తీసేవాడు కాదు. కుక్కయితే మొరుగుతుంది, బయట తిప్పాలి. పాము అరవదు.

"ఏదో ఒక పానం ఇంట్లో కదుల్తా ఉంటే సాలప్పా," అన్నాడు అక్కనైన నాతో.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "ఎలకల్ని తినీది మాత్రం తేకండి. ఇనాయకుడి వాహనం అది. నాను సూడనేను."

కరెంటు ఉన్నప్పుడల్లా వాడు ఫోన్లో వెతికాడు. గుడ్లు మాత్రమే మింగే చిన్న పాములున్నాయట, పురుగుల మీద బతికేవీ ఉన్నాయట. ఆ ఫొటోలు నాకు పంపాడు. నేను పనిచేసే బట్టల కొట్టు లత అనే పేటలో ఉంది. ఆ దగ్గర్లోనే ఒక బర్మా అతను పెంపుడు జంతువులు అమ్ముతాడు. నాకంటే చిన్నవాడు కాబట్టి 'అమా' అన్నాడు, అక్కా అన్నట్టు.

ఫొటోలు చూసి పెదవి విరిచాడు. గుడ్లు తినేది ఆఫ్రికా నుంచి రావాలి, ఇప్పుడేమీ రావడం లేదు. "పురుగులు తినేది వద్దమా. కొన్నవాళ్ళ ఇళ్ళలో ఒక్కటీ బతకలేదు," అన్నాడు. చివరికి ఒక డబ్బా మూత తీశాడు. పెన్సిలంత నీటిపాము, ఒంటి నిండా నల్లటి గళ్ళు. విషం లేదు. చిన్న చేపలు తింటుంది, బతికున్నవే కావాలి.

అదే తెచ్చాను. మొదట్లో అది ఏమీ ముట్టలేదు. తమ్ముడు గాజు తొట్టె ముందే కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, "తినీసిందప్పా," అన్నాడు. చాలాకాలం తర్వాత వాడి మొహంలో వెలుగు చూశాను.

పని నుంచి వస్తూ వీధి చివర కొట్లో చేపపిల్లలు నేనే కొనేదాన్ని. వానాకాలంలో ఒక సాయంత్రం లతలో నీళ్ళు నిలిచి బస్సులు ఆగిపోయాయి. వాడు ఫోన్ చేశాడు.

"పాము పస్తులుంది. వీది సివరికే కదా, నానెళ్ళి తెచ్చీస్తాను."

"ఒద్దు. నానొచ్చీవరకు ఆగు."

"ఈ వానలో ఎవుడుంటాడప్పా."

నేను చేరేసరికి అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. వాడు చేపలు కొని కొట్టు దిగుతుండగానే ఒక వ్యాను ఆగిందని, ఎక్కించుకుపోయారని కొట్టావిడ చెప్పింది. కింద పడిన ప్లాస్టిక్ సంచి తీసి ఉంచింది. అందులో చేపలు బతికే ఉన్నాయి. వాటినేం చెయ్యాలో తెలియక తొట్టెలో వేశాను. పాము తింది.

ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా వాడెక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తనను తానే తిట్టుకునేది.

"ఎలకలు తినీదే తెచ్చుకోనిస్తే పోయీది. వంటింట్లోనే దొరికీవి. బయటికెళ్ళీవోడు కాదు."

"నీ తప్పేటుందమ్మా" అంటే వినేది కాదు. ఇప్పటికీ వినదు.

వాడు ఒక్కసారి ఎవరిదో నంబరు నుంచి మాట్లాడాడు. అన్నం పెడుతున్నారన్నాడు. ఎక్కడని అడిగితే చెప్పకూడదన్నాడు. పాము ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లైను తెగిపోయింది.

ఆ నంబరుకు ఇప్పటికీ చేస్తుంటాను. ఫోన్ ఆపేసి ఉందని బర్మా భాషలో ఒక ఆడగొంతు చెబుతుంది. అమ్మ నా పక్కన కూర్చుని ఆ మాటలు అయిపోయేదాకా వింటుంది.