రోజూ చదివే స్వరూపకు

ఇవాళ ఎయిర్‌పోర్టు పుస్తకాల షాపులో ఆ మేకపిల్ల బొమ్మల పుస్తకం కనబడింది. మూడో తరగతి దోస్తులూ, గుర్తుందా? అప్పుడు ఈ ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులు. ఆ కథ రాసి బొమ్మలు కూడా తానే గీసిన తాతకు మన బడిలో సన్మానం చేశారు.

ఆ పొద్దున టీచరమ్మ బీరువా తాళం తీసి, తలా ఒక పుస్తకం చేతిలో పెట్టింది. అన్నీ కలరా ఉండల వాసన. "తాత అడిగితే రోజూ చదువుతమని చెప్పుండ్రి," అంది.

తాత నా దగ్గరే ఆగాడు. "రోజూ చదువుతావా అమ్మా?"

"రోజూ చదువుత తాతా."

ఆయన మొహం వెలిగిపోయింది. నా పక్కన నేల మీదే కూర్చుని, మొదటి పేజీలో నాలుగు గీతల్లో మేకపిల్లను గీశాడు. దానికి నా రెండు జడలు పెట్టాడు. కింద రాశాడు: "నా పుస్తకం రోజూ చదివే స్వరూపకు."

ఆయన కారు గేటు దాటగానే టీచరమ్మ పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుంది.

"గిది నాది టీచర్. నా పేరు రాసిండు."

"పేరు రాస్తే నీదైతదా? చింపితే నన్నడుగుతరు. ఇయ్యి."

అప్పటికి నేను చదివినంతలో మేకపిల్ల వాగు దాకా వచ్చింది. నేను ఆ బడిలో ఉన్నన్నాళ్లూ బీరువా మళ్లీ తెరవలేదు.

ఇవాళ షాపులో నిలబడే చివరిదాకా చదివాను. మేకపిల్ల వాగు దాటింది. పుస్తకం కొన్నాను. మొదటి పేజీ తెల్లగా ఉంది. నా జడల మేకపిల్ల మాత్రం, నేను రోజూ చదువుతున్నానన్న అబద్ధంతో, ఆ బీరువాలోనే ఉండిపోయింది.