బిందెడు నీళ్లకు ఆగిన బ్యాండ్

మా బడి ఆడపిల్లల బ్యాండ్ ఈ రోజు మొదటిసారి మైదుకూరు వీధుల్లోకి వచ్చింది. డ్రిల్ మాస్టరుగా నా దిగులు ఒక్కటే. నేను విజిల్ వేస్తే అందరూ ఒకేసారి ఆగాలి. నెల రోజులుగా అరిచి అరిచి నా గొంతు పోయింది కానీ, ముందు వరస ఆగితే వెనక వరస వచ్చి దాని మీద పడుతూనే ఉంది.

పెద్ద డ్రమ్ము మోసే పద్మ వాళ్ల వీధి వైపు మాత్రం పోకూడదనుకున్నాను. ఆడపిల్ల మెడలో ఆ డోలేమిటని వాళ్ల అవ్వ పోయిన వారమే బడికొచ్చి నన్ను కడిగేసింది. తీరా చూస్తే మెయిన్ రోడ్డుకు అడ్డంగా ఉల్లిగడ్డల లారీ! ఆ వీధిలోకే తిరగాల్సి వచ్చింది.

అవ్వ నీళ్ల బిందెతో గడప దిగింది. మా నెత్తినే కుమ్మరిస్తుందనుకున్నాను.

"అవ్వా, పక్కకు జరుగు! లైను చెదిరిపోతాది!" అన్నాను.

"నువ్వే జరగప్పా సారూ. దేవర వస్తే నీళ్లు పోస్తాము. నా మనమరాలు వస్తాంటే పోయకూడదా?" అంటూ పద్మ కాళ్ల ముందు బిందె వంచింది.

ఆ వీధి కొళాయిలో నీళ్లు వచ్చి ఎన్నాళ్లయిందో, అయినా బిందెడూ పోసేసింది! ఊరేగింపు ముందు నీళ్లు పోస్తే నిలబడాలని మా పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. విజిల్ నా నోట్లోనే ఉంది. బ్యాండంతా ఒక్క అడుగు మీద ఠక్కున ఆగింది. ఎవరూ ఎవరి మీదా పడలేదు.

పంద్రాగస్టు పరేడ్‌కు కడప పోతున్నాం. విజిల్ తీసుకుపోవాలా, అవ్వను తీసుకుపోవాలా? మీరే చెప్పండి.