వేలికి తగిలే గోదావరి

మా పెద్దబాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. జేబులో పట్టే పాత అట్లాసులు పోగుచేయడం ఆయన పిచ్చి. రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన పటాలు వాటిలో ఉండేవి. చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, నాసిక్ నుంచి సముద్రం దాకా గోదావరి మీద వేలు నడిపేవాడు. ఆ పటాల్లో సిరా కాస్త ఉబ్బి ఉంటుంది.

"గీత కండ్లకు గాదు బిడ్డా, వేలికి తగలాలె" అనేవాడు.

చెదలు తినగా ఒక్క అట్లాసు మిగిలింది. అప్పటికి ఆయన చూపు కూడా పోయింది. పేజీలు పొడిపొడిగా రాలుతుంటే చూడలేక, ఆయన్ను అడగకుండానే నిజామాబాద్‌లో ఒక దుకాణానికి తీసుకుపోయి ప్రతి పేజీకి లామినేషన్ చేయించాను. నా సర్టిఫికెట్లకు చేయించింది కూడా ఆ దుకాణంలోనే.

తెచ్చి ఒళ్లో పెడితే, లేచి చేతులు కడుక్కొచ్చాడు. వేలు పెట్టాడు. పేజీ తిప్పి మళ్లీ పెట్టాడు.

"గోదారేది బిడ్డా?"

"ప్లాస్టిక్ ఏపిచ్చిన పెద్దబాపూ. ఇగ నూరేండ్లయినా చినగదు."

"మంచిగ చేసినవ్" అని అట్లాసు నా చేతికిచ్చేశాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. అట్లాసు నా బీరువాలో ఉంది. నేను చెప్పినట్టే, ఒక్క పేజీ చిరగలేదు.