తదితరుల్లో ఒకడు

ఇంతవరకు నన్నెవరూ ఏమీ అడగలేదు. మన తెలుగువాళ్ళు దోహాలో ఏటా వేసే నాటకానికి ఆరేళ్ళుగా కుర్చీలు మోసింది నేను, నటుల్ని కార్మికుల క్యాంపుల నుంచి ఎక్కించుకొచ్చి దింపింది నేను. నా దగ్గర కారు ఉంది కదా! అదైనా నాది కాదు, నేను డ్రైవరుగా పనిచేసే ఇంటివాళ్ళది. ఆరేళ్ళూ చిన్న వేషాలు వేశాను కూడా. కరపత్రంలో హీరో పేరు, విలన్ పేరు, తబలా వాయించినాయన పేరు వేసి, చివర 'తదితరులు' అని పెట్టేవాళ్ళు. ఆ తదితరుల్లో ఉన్నది నేను. నా పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఆరేళ్ళుగా చూస్తున్నాను.

నటన ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అడగకపోయినా ఇప్పుడు చెబుతున్నాను.

మా యజమాని తండ్రిని పనివాళ్ళందరం పెద్దబాబా అంటాం. మోకాళ్ళు సహకరించక ఆయన పొద్దస్తమానం మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలోనే కూర్చుంటాడు. టీవీలో ఎప్పుడూ పాత హాలీవుడ్ సినిమాలే, అన్నీ నలుపు తెలుపువి. వయసులో ఉండగా ఆయిల్ కంపెనీ క్యాంపులో తెల్లగుడ్డ కట్టి ఆడించిన సినిమాలు చూసి పట్టుకున్న పిచ్చి అది. పిల్లల్ని బడిలో దింపి వచ్చాక నాకు మధ్యాహ్నం దాకా డ్యూటీ ఉండదు. "బైఠో" అనేవాడు. ఒకప్పుడు వ్యాపారానికి బొంబాయి తిరిగిన మనిషి, హిందీ బాగా వచ్చు.

ఆ సినిమాల్లో ఒకాయన తరచూ కనిపించేవాడు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం. ఎన్నడూ హీరో కాడు. ఒకదాంట్లో హోటల్లో గదుల తాళాలిచ్చే గుమాస్తా, ఇంకోదాంట్లో పల్లెటూరి డాక్టరు, మరోదాంట్లో జేబుదొంగ. ఆయన్ని ముందు కనిపెట్టినవాడికి ఎదుటివాడు ఒక ఖర్జూరం ఇవ్వాలని మా పందెం. మొదట్లో అన్నీ నేనే ఓడిపోయాను. గడ్డం పెడితే పోల్చుకోలేకపోయేవాణ్ణి, టోపీ పెడితే ఇక చెప్పనక్కర్లేదు.

"ముఖం ఎందుకు చూస్తావు గాడిదా! చేతులు చూడు. పని మారితే చేతులు మారతాయి" అన్నాడు పెద్దబాబా.

చూడటం మొదలుపెట్టాను. గుమాస్తా వేళ్ళు మాట్లాడుతున్నంతసేపూ తాళాల మీద పాకుతూనే ఉన్నాయి. డాక్టరు గదిలోంచి బయటికొస్తూ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ తుడుచుకునే నిదానంలోనే రోగి దక్కలేదని తెలిసిపోయింది. శవపెట్టెలు చేసేవాడిగా వచ్చినప్పుడైతే, ఎదురుగా ఉన్న మనిషి భుజం మీద మర్యాదగా చెయ్యి వేసి, మాట్లాడుతూనే జానతో వెడల్పు కొలిచేశాడు! మేమిద్దరం నవ్విన నవ్వుకు వంటావిడ పరిగెత్తుకొచ్చి తలుపు తీసి చూసింది. జడ్జి వేషంలో మాత్రం ఆయన చేతులు అసలు కదలలేదు. కోర్టులో అందరి చేతులూ గాల్లో ఆడుతుంటే ఆయనవి బల్ల మీద ఉండిపోయాయి.

పోయిన చలికాలం దోహా శివార్లలోని ఏషియన్ టౌన్‌లో నాటకం వేశాం. నాకిచ్చినవి పోస్ట్‌మ్యాన్, కానిస్టేబుల్. డ్యూటీలు కలవవు కాబట్టి మా రిహార్సళ్ళన్నీ ఫోన్లోనే జరుగుతాయి. ఒక క్యాంపువాళ్ళు ఇంకో క్యాంపువాళ్ళ ముఖం చూసేది స్టేజీ మీదే. ఆ రోజు జడ్జి వేయాల్సినాయనకు సైటులో ఓవర్‌టైమ్ పడింది. మా ఇంట్లో రెండో డ్రైవరు, జగిత్యాల తమ్ముడు, తెర వెనక బట్టలు చూస్తున్నాడు.

"అన్నా, జడ్జి రాలే. ఇప్పుడెట్ల?"

"సంఘం సెక్రటరీకి చెప్పినావా?"

"ఆయన ముంగట గెస్టులతోని కూసున్నడు, ఫోన్ ఎత్తుతలేడు."

"ఆ కోటు ఇట్ల తేప్పా."

"నువ్వా? ఇప్పుడే గదనే కానిస్టేబుల్ ఏసినవ్! జనం గుర్తువడ్తరు."

"పడితే అప్పుడు చూద్దాంలే."

మాటలు నాకు కంఠతా వచ్చు. ఆ ఫోన్ రిహార్సళ్ళన్నీ నేనూ విన్నవే కదా! పెట్టుడు మీసం పీకేసి, కళ్ళజోడు పెట్టుకుని, చేతులు బల్ల మీద ఉంచి కూర్చున్నాను. ముద్దాయి ఏడ్చాడు, లాయరు అరిచాడు, నేను కదల్లేదు. తీర్పు చెప్పేసరికి వెనక నిలబడ్డవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. ఆ తర్వాత పడిన చప్పట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

చివర్లో సెక్రటరీ గారు మైకు అందుకున్నారు. "ఉత్తమ నటుడి షీల్డు, జడ్జి వేషం వేసిన సోదరుడికి! స్టేజీ మీదకి రావాలండీ!"

కోటు విప్పేసి నా మామూలు చొక్కాలో వెళ్ళాను.

"నువ్వెందుకొచ్చావయ్యా?" అన్నారు, అదీ మైకులోనే. "జడ్జి గారు బస్సు దగ్గరున్నారేమో చూసి తీసుకురా."

"జడ్జి నేనే సార్."

"ఆహా! అయితే నేను కలెక్టర్ని!"

జనం విరగబడి నవ్వారు. తమ్ముడు పక్కనుంచి నిజమేనని అరిచి చెప్పాడు. "మీరిద్దరూ ఒకే రూము కదా, అలాగే చెబుతావులే" అని ఆయన షీల్డు చంకలో పెట్టుకున్నారు.

దిగి వస్తుంటే గుంపులో ఇద్దరి మాటలు వినబడ్డాయి.

"ఆ జడ్జి యాడోడు మామా? మస్తు జేసిండు."

"హైదరాబాద్‌ల నిజం వకీలంటరా, గా నాటకానికే వచ్చిండట."

కోపంతో ఒళ్ళు మండిపోతోంది. అయినా వాళ్ళు బస్సెక్కేదాకా వెనకే నడిచాను, ఇంకేమంటారో విందామని.

మర్నాడు తమ్ముడు తీసిన వీడియోను, ఏమీ చెప్పకుండా, పెద్దబాబా ముందు పెట్టాను. ఆయనకు తెలుగు ముక్క రాదు. పోస్ట్‌మ్యాన్ రాగానే "నువ్వు" అన్నాడు. కానిస్టేబుల్‌కీ "నువ్వే" అన్నాడు. జడ్జి వచ్చేసరికి ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఖర్జూరాల పళ్ళెం మొత్తం నా వైపు తోసేశాడు.

"ఎట్లా తెలిసింది బాబా?"

"ఏ జడ్జి అయినా బల్లను అట్లా పట్టుకుంటాడా? అది స్టీరింగ్ అనుకున్నావు!"

చూస్తే నిజమే. రెండు చేతులూ బల్ల అంచును అటూ ఇటూ పట్టుకుని, మలుపు తిప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆయన నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు, నేను నీళ్ళు తాగించబోయి గ్లాసు ఒలకబోశాను. ఇన్నేళ్ళ గల్ఫ్ బతుకులో అంత సంతోషపడిన పొద్దు నాకు ఇంకోటి లేదు.

ఆ వీడియో సెక్రటరీ గారికి వాట్సాప్‌లో మూడుసార్లు పంపాను. మూడుసార్లూ చూసినట్టు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. నిన్న మాత్రం, వచ్చే నాటకానికి కుర్చీలు తేవాలని ఆయనే మెసేజ్ పెట్టారు. తెస్తాను సార్. కరపత్రం అచ్చుకు వెళ్ళకముందే ఒక్క మాట చెప్పండి: పోయినసారి జడ్జి వేసిందెవరు? ఎవరినో అడిగి కాదు, ఆ వీడియో చూసి మీరే చెప్పండి. నా పేరు రాసి, మన నాటకం గ్రూపులో అందరికీ కనబడేలా జవాబివ్వండి.